ఇప్పచెక్క చెప్పే సాక్ష్యం: చేపమేతలో మూలికల మీద ఒక పరిశీలన

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో చెరువు లేని ఊరు అరుదు. భిలాయి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ దేశంతో 1955 ఫిబ్రవరిలో ఒప్పందం కుదరక ముందు, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలగక ముందు ఈ నేల వరి పొలాలదీ చెరువులదీ. కర్మాగారం వచ్చాక మరోదా జలాశయం వంటి పెద్ద నీటి వనరులు పరిశ్రమ అవసరాలకు ముడిపడ్డాయి. ఊరి చెరువులు మాత్రం ఊరివిగానే మిగిలాయి. జనం స్నానాలకూ బట్టలుతకడానికీ, పశువులు నీళ్లు తాగడానికీ వాడుకునే చెరువును ఇక్కడ 'నిస్తారీ తలాబ్' అంటారు. అదే చెరువును పంచాయతీ నుంచి కౌలుకు తీసుకుని మత్స్యకారుల సంఘాలు, మహిళా బృందాలు బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అనే కార్పు చేపలను పెంచుతుంటాయి. కర్మాగారం పనికి వచ్చి భిలాయి సెక్టార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇవి పరాయి చేపలు కావు. కొల్లేరు పక్కనా ఇవే, శివనాథ్ నది పక్కనా ఇవే.

ఈ చేపలకు వేసే మేతలో మూలికల పొడులు కలపాలన్న మాట కొన్నేళ్లుగా రెండు చోట్లా బలపడింది. కోస్తా చెరువు గట్ల మీద దాన్ని 'హెర్బల్ పౌడరు' అనో 'లివర్ టానిక్' అనో పిలుస్తారు. అమ్మకపు మాటలను విడదీస్తే అందులో మూడు వేర్వేరు ప్రతిపాదనలు కనిపిస్తాయి. ఒకటి, ఇది మన ప్రాచీన విద్య. రెండు, మొక్క కాబట్టి హాని లేదు. మూడు, దీనివల్ల చేప ఎదుగుతుంది, జబ్బు పడదు. ఈ మూడింటికీ ఆధారాలు ఒకే స్థాయిలో లేవు. ఒకదాని బలాన్ని మరొకదానికి అరువిచ్చి మాట్లాడటం వల్లనే గందరగోళం పుడుతున్నదని అనిపిస్తోంది. అందుకే ఇక్కడ వాటిని విడివిడిగా తూచే ప్రయత్నం జరిగింది.

1. ప్రాచీనత గురించి

పశ్చిమ చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడి పేర వెలసిన మానసోల్లాసం సుమారు 1131 నాటిదని పండితుల అంచనా. అందులో 'మత్స్యవినోదం' అనే భాగం గాలపు వేట గురించి చెబుతుంది. చేపల రకాలు, అవి తిరిగే చోట్లు, వాటిని మచ్చిక చేసుకోవడానికి వేసే తిండి అక్కడ ప్రస్తావనకు వస్తాయి. జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు సంచాలకుడిగా పనిచేసిన సుందర్‌లాల్ హోరా 1950 ప్రాంతంలో ప్రాచీన భారతీయుల మత్స్యజ్ఞానం మీద వ్యాసాలు రాసి ఈ గ్రంథాన్ని ఆధునిక పాఠకుల దృష్టికి తెచ్చారు. దీన్ని ఆధారంగా చూపి 'చేపకు మూలికా ఆహారం మన పూర్వులకు తెలుసు' అనేవారున్నారు. కానీ ఆ సందర్భం వేట. చేపను ఒక చోటికి రప్పించడానికి వేసే ఎరనూ, పెంపకంలో ఉన్న చేప ఆరోగ్యం కోసం నెలల తరబడి కలిపే పొడినీ ఒకటిగా చూపడం, మర్యాదగా చెప్పాలంటే, తొందరపాటు.

సురపాలుడి వృక్షాయుర్వేదాన్ని కూడా కొందరు ఈ సందర్భంలో తలుస్తారు. సుమారు పది, పదకొండు శతాబ్దాల నాటిదిగా భావించే ఆ గ్రంథంలో చేప ఉన్న మాట నిజమే. అయితే అక్కడ చేప మాంసం కుణపజలం అనే ద్రవ ఎరువులో కలిసి చెట్టుకు బలమవుతుంది. చెట్టు చేపకు మందు కావడం కాదు, చేప చెట్టుకు ఎరువు కావడం అది. దిశే వేరు.

చెరువులో పెంచే చేపకు మేత వేసే అలవాటుకు మాత్రం తిరుగులేని ఆధారాలున్నాయి. తవుడు, వేరుశనగ చెక్క సమపాళ్లలో కలిపి వేయడం తూర్పు భారతదేశపు పాత పద్ధతి. 1957 జులైలో హీరాలాల్ చౌధురి ఒరిస్సాలో హార్మోను సూదితో కార్పు చేపల చేత గుడ్లు పెట్టించాక చేపపిల్లల కొరత తీరే దారి దొరికింది. 1971లో దేశవ్యాప్తంగా మిశ్రమ చేపల పెంపకం పథకం మొదలైంది. ఆ పథకాలు ప్రచారం చేసిన మేతలోనూ ప్రధానంగా ఉన్నవి తవుడు, చెక్కలే. కాబట్టి తవుడు, చెక్క పాత సంప్రదాయం, మూలికా పూరకం ఇటీవలి చేర్పు అని చెప్పడమే ఆధారాలకు దగ్గరగా ఉంటుంది. ఇటీవలిది కావడం దోషమేమీ కాదు. పాతది అని చెప్పి నమ్మించబోవడమే దోషం.

2. అసలు పుట్టుక ఎక్కడ

మూలికా పూరకాల వైపు ప్రపంచం చూడటానికి దగ్గరి కారణం పురాణాల్లో కాక పశువైద్య చరిత్రలో ఉన్నట్టు తోస్తుంది. 1940ల చివర, 1950ల మొదట్లో అమెరికాలో కోళ్ల మేతలో కొద్దిగా యాంటీబయాటిక్ కలిపితే అవి త్వరగా ఎదుగుతాయని తేలింది. ఆ అలవాటు వల్ల మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయన్న ఆందోళనను 1969లో బ్రిటన్‌లోని స్వాన్ కమిటీ నివేదిక అధికారికంగా ముందుకు తెచ్చింది. 1986లో స్వీడన్ ఎదుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్ కలపడాన్ని నిషేధించింది. 2006 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ అంతటా అదే నియమం వచ్చింది. మన దేశంలో 2019 జులైలో కొలిస్టిన్ అనే మందును ఆహార జంతువులకూ, కోళ్లకూ, చేపలకూ వాడకుండా కేంద్రం నిషేధించింది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు మత్స్య ఉత్పత్తుల్లో ఉండరాదన్న నిబంధన అంతకు ముందు నుంచీ ఉంది.

ఆ ఖాళీలోకి మూడు వచ్చాయి: మేలుచేసే సూక్ష్మజీవులు, వాటికి తిండిగా పనికొచ్చే పీచు పదార్థాలు, మొక్కల పొడులూ సారాలూ. మొక్కల ప్రయోగాల్లో ఎక్కువ భాగం 2000 తర్వాతివే. ఈ కాలక్రమం గమనించదగ్గది. మూలికల వెనుక ఉన్న ప్రేరణ సమంజసమైనదే. నిస్తారీ చెరువులో యాంటీబయాటిక్ వేస్తే అది చేపతో ఆగదు. ఆ నీళ్లలో పిల్లలు ఈదుతారు, గేదెలు దిగుతాయి. దుర్గ్ పల్లెల వరకు మూలికల పక్షాన నిలబడే బలమైన వాదం ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కానీ ప్రత్యామ్నాయం కావాలన్న కోరిక ప్రత్యామ్నాయం దొరికిందనడానికి రుజువు కాదు.

3. 'మొక్క కదా, హాని ఏముంది?'

ఈ ప్రశ్నకు జవాబు ఛత్తీస్‌గఢ్ అడవిలోనే ఉంది. ఇప్పచెట్టు, ఇక్కడి మాటలో మహువా, ఈ ప్రాంతపు గిరిజన జీవితంలో ఆహారం, పానీయం, నూనె, ఆదాయం. గింజల నుంచి నూనె పిండాక మిగిలే ఇప్పచెక్కలో సుమారు 4 నుంచి 6 శాతం సాపోనిన్లు ఉంటాయని మత్స్యశాస్త్ర పాఠ్యాలు చెబుతాయి. సాపోనిన్ చేప మొప్పల గుండా రక్తంలోకి చేరి ఎర్ర కణాలను పగలగొడుతుంది. అందుకే కార్పు పిల్లలను వదిలే ముందు చెరువులోని కలుపు చేపలను చంపడానికి ఇప్పచెక్క వాడతారు. సాధారణంగా చెప్పే మోతాదు నీటిలో 200 నుంచి 250 పీపీఎం. ఒక హెక్టారు విస్తీర్ణం, ఒక మీటరు లోతు ఉన్న చెరువులో పదివేల ఘనమీటర్ల నీరుంటుంది కాబట్టి, 250 పీపీఎం లెక్కన అది 2,500 కిలోలు. దాని విషప్రభావం రెండు, మూడు వారాల్లో తగ్గుతుంది. ఆ తర్వాత అదే చెక్క కుళ్లి చెరువుకు సేంద్రియ ఎరువవుతుంది, ప్లవకాలు పెరుగుతాయి, కొత్తగా వదిలిన పిల్లలకు అది తిండికి ఆధారమవుతుంది.

ఒకే మొక్క, ఒకే పదార్థం ముందు చంపుతుంది, తర్వాత పోషిస్తుంది. మధ్యలో మారింది మోతాదు, కాలం మాత్రమే. మొక్కల నుంచి వచ్చే చేపల విషాల్లో ఇది ఒంటరి ఉదాహరణ కూడా కాదు. డెర్రిస్ వేరులోని రోటెనోన్, టీ గింజల చెక్కలోని సాపోనిన్ కూడా అదే పని చేస్తాయి. వేప సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. పంట పురుగులకు వాడే వేప ఉత్పత్తులు గాఢత పెరిగినప్పుడు చేపకు విషమవుతాయని ప్రయోగశాల పరీక్షలు పలుమార్లు చూపాయి. మరోవైపు, కొద్ది మోతాదులో వేపాకు చేప రోగనిరోధక శక్తిని పెంచుతుందనే ఫలితాలూ ఉన్నాయి. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కానక్కరలేదు. మోతాదు చెప్పకుండా 'వేప మంచిది' అన్నా 'వేప చెడ్డది' అన్నా ఆ వాక్యం అసంపూర్ణమే.

కాబట్టి రెండో ప్రతిపాదన, అంటే 'మొక్క కాబట్టి హాని లేదు' అన్నది, ఉన్న ఆధారాల ముందు నిలవదు. ఈ వ్యాసంలో ఇంత ఖచ్చితంగా చెప్పగలిగిన విషయాలు ఎక్కువ లేవు.

4. పనిచేస్తాయా?

ఇది అసలు ప్రశ్న. దీనికి ఆధారాలు రాశిలో ఎక్కువ, పొందికలో తక్కువ. ఇక్కడ కార్పు చేపల మీద జరిగిన కొన్ని ప్రయోగాలను మాత్రమే తీసుకుందాం. ఎందుకంటే ట్రౌటుకు పనిచేసింది శీలావతికీ పనిచేయాలన్న నియమం లేదు.

(అ) వెల్లుల్లి. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి మత్స్యసాగు సంస్థ, అంటే సిఫా, శాస్త్రజ్ఞులు సాహు, దాస్ తదితరులు 2007లో ప్రచురించిన ప్రయోగంలో శీలావతి పిల్లలకు కిలో మేతకు 1, 5, 10 గ్రాముల చొప్పున వెల్లుల్లి కలిపి రెండు నెలలు పెట్టారు. తర్వాత ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బ్యాక్టీరియాను ఎక్కించి ఎన్ని బతికాయో చూశారు. వెల్లుల్లి తిన్న గుంపులన్నీ తినని గుంపు కంటే మెరుగ్గా నిలిచాయి. అయితే అన్నిటికంటే ఎక్కువ బతికింది 1 గ్రాము తిన్న గుంపే. 5, 10 గ్రాములు తిన్నవి దాని కంటే వెనుకబడ్డాయి.

పోలిక కోసం ఒక్క ట్రౌటు ప్రయోగాన్ని పక్కన పెడదాం. స్కాట్లాండులో నియా, ఆస్టిన్ 2009లో ప్రచురించిన ప్రయోగంలో రెయిన్‌బో ట్రౌటుకు వంద గ్రాముల మేతలో 0.5 గ్రాము, 1 గ్రాము వెల్లుల్లి కలిపారు. అది కిలోకు 5, 10 గ్రాములతో సమానం. అదే బ్యాక్టీరియా ఎక్కించినప్పుడు ఆ మోతాదులే చేపలను బాగా కాపాడాయి. ఒకే మొక్క, ఒకే బ్యాక్టీరియా. అక్కడ మేలు చేసిన మోతాదు ఇక్కడ శీలావతికి రెండో స్థానంలో నిలిచింది. తేడాకు కారణం చేప జాతా, నీటి వేడా, వాడిన వెల్లుల్లి రూపమా, తినిపించిన రోజులా? నాలుగింటిలో ఏదైనా కావచ్చు, అన్నీ కావచ్చు. ట్రౌటు చల్లని నీటి చేప. శీలావతి మన ఎండ కాచే చెరువుల చేప. తడి వెల్లుల్లిలో సగం కంటే ఎక్కువ నీరే ఉంటుంది కాబట్టి పచ్చి రెబ్బకూ ఎండు పొడికీ గ్రాముల లెక్క ఒకటి కాదన్నది కూడా మరవరాదు.

(ఆ) మామిడి జీడి. అదే సిఫా బృందం అదే సంవత్సరం మామిడి టెంకలోని జీడిని పొడిచేసి 1, 5, 10 గ్రాముల మోతాదుల్లో శీలావతికే పెట్టింది. ఇక్కడ గరిష్ఠ రక్షణ 5 గ్రాముల దగ్గర కనిపించింది. వెల్లుల్లిలా అట్టడుగు మోతాదు దగ్గర కాదు.

(ఇ) అశ్వగంధ. 2010లో వెలువడిన మరో ప్రయోగంలో శీలావతి పిల్లలకు కిలోకు 1, 2, 3 గ్రాముల అశ్వగంధ వేరు పొడి పెట్టారు. మధ్యలోని 2 గ్రాములకే మంచి ఫలితం వచ్చింది.

(ఈ) ఉత్తరేణి. వినాయక చవితి పత్రిలో అపామార్గంగా తెలుగువారికి తెలిసిన మొక్క ఇది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన వాసుదేవరావు, చక్రవర్తి 2005లో బొచ్చె మీద, 2006లో శీలావతి మీద దీని గింజలను మేతలో కలిపి రోగనిరోధక సూచికలు పెరిగినట్టు చూపారు.

ఈ నాలుగింటి నుంచి జాగ్రత్తగా తీయగలిగిన నిర్ధారణలు రెండు. మొదటిది, మోతాదు పెంచితే ఫలితం పెరుగుతుందన్న ఊహ తప్పు కావచ్చు. రేఖ పైకి ఎక్కి మళ్లీ దిగుతున్నట్టుంది. అందుకే 'ఒక చెంచా అయితే మేలు, రెండు చెంచాలైతే ఇంకా మేలు' అనే గట్టు మీది లెక్క ఇక్కడ ప్రమాదకరం. రెండోది, ఈ ప్రయోగాల్లో ఎక్కువగా కొలిచింది రోగనిరోధకత. రక్తంలో లైసోజైమ్ ఎంత, తెల్లకణాల చురుకు ఎంత, బ్యాక్టీరియా ఎక్కించాక ఎన్ని బతికాయి అన్నవే కొలతలు. ఎదుగుదల గురించిన ఫలితాలు వేరే ప్రయోగాల్లో ఉన్నాయి, అవి మరింత చెల్లాచెదురుగా ఉన్నాయి. టర్కీలో 2003లో ట్రౌటుకు అల్లం పెట్టినప్పుడు రోగనిరోధక సూచికల్లో కనిపించిన ఫలితాన్ని భిలాయి బొచ్చె ఎదుగుదలకు ఆపాదించడం సాహసమే. రోగాన్ని తట్టుకోవడానికి ఉన్న రుజువును ఎదుగుదలకు రుజువుగా అమ్మడం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు.

మరొక హెచ్చరిక కూడా అవసరం. ఫలితం కనిపించిన ప్రయోగం అచ్చవుతుంది, కనిపించనిది తరచూ బీరువాలో మిగిలిపోతుంది. అచ్చయినవాటిని మాత్రమే లెక్కపెట్టి 'ఇన్ని ప్రయోగాలు రుజువు చేశాయి' అన్నప్పుడు ఆ సంఖ్య అసలు పరిస్థితి కంటే ఆశాజనకంగా ఉండే అవకాశం ఎక్కువ.

5. పేరు ఒకటి, మొక్క మరొకటి

లివర్ టానిక్‌ల జాబితాల్లో తరచూ కనిపించే మొక్క నేల ఉసిరి. హిందీలో భుయి ఆమ్లా. పాత పుస్తకాలు దీన్ని ఫిల్లాంథస్ నిరూరి అని రాస్తాయి. వృక్షశాస్త్రజ్ఞుల తర్వాతి పరిశీలన ప్రకారం ఆ పేరు అమెరికా ఖండపు మొక్కకు చెందుతుంది. మన పొలాల్లో ఎక్కువగా దొరికేది ఫిల్లాంథస్ అమారస్. ఇది పేరు సవరణ మాత్రమే అయితే పెద్దగా పట్టించుకోనక్కరలేదు. కానీ దక్షిణ భారతంలో మూలికల దుకాణాల నుంచి సేకరించిన నేల ఉసిరి నమూనాల్లో ఒకటి కంటే ఎక్కువ జాతులు కలిసి ఉన్నట్టు పరిశోధకులు చూపారు. శంఖపుష్పి అనే పేరుతోనూ దేశంలో కనీసం మూడు వేర్వేరు మొక్కలు చలామణి అవుతున్నాయి.

ఇందులో మోసం ఉండాలనేమీ లేదు. ఊరూరా పేరు మారుతుంది, ఏరేవాడి కంటికి ఒకేలా కనిపించే మొక్కలు ఒకే గోనెలో చేరతాయి. అయితే ఒక జాతి మీద వచ్చిన ఫలితం మరో జాతికి చెల్లదు. ఒకే జాతి అయినా నేల, ఋతువు, కోసిన వయసు, ఎండబెట్టిన తీరును బట్టి అందులోని పదార్థాల పాళ్లు మారతాయి. 'ఎనిమిది మూలికల మిశ్రమం' అని డబ్బా మీద రాసి, ఏ మొక్కలో ఏ భాగం, ఎంత అన్నది రాయనప్పుడు ఆ డబ్బాకు పై ప్రయోగాల్లో ఒక్కటీ సాక్ష్యం కాదు.

6. తొట్టి నుంచి చెరువుకు

పైన చెప్పిన ప్రయోగాలు తొట్లలో జరిగినవి. తొట్టిలో చేపకు మనం వేసిందే తిండి. మట్టి చెరువులో అలా కాదు. ప్లవకాలు, పురుగులు, కుళ్లిన ఆకులు అన్నీ తిండే. మేత ద్వారా వెళ్లే మూలిక మోతాదు అక్కడ సహజంగానే పలచబడుతుంది.

మేత వేసే పద్ధతి కూడా లెక్కలోకి రావాలి. కొల్లేరు చుట్టుపక్కల రైతులు తవుడు, నూనె తీసిన తవుడు (దాన్నే డీఓబీ అంటారు), చెక్కలను చిల్లులు పొడిచిన బస్తాల్లో నింపి కర్రలకు కట్టి నీళ్లలో వేలాడదీస్తారు. చేపలు చిల్లుల దగ్గర చేరి తింటాయి. మేత వృథాను తగ్గించిన తెలివైన పద్ధతి ఇది. కానీ అదే బస్తాలో మూలికల పొడి కలిపితే, నీటిలో కరిగే పదార్థాలు చేప నోటికి చేరకముందే చెరువులో కలిసిపోయే అవకాశం ఉంది. గంజి వంటి జిగురుతో ముద్దచేసి వేస్తే ఆ నష్టం కొంత తగ్గవచ్చు. గుళికల మేతలో కలిపితే మరో చిక్కు. ఆవిరి వేడి తగిలినప్పుడు వెల్లుల్లిలో అల్లిసిన్‌ను తయారుచేసే ఎంజైము దెబ్బతింటుంది. అంటే 'వెల్లుల్లి కలిపిన మేత' అన్న మాట నిజమైనా, వెల్లుల్లి పని అందులో మిగిలి ఉండకపోవచ్చు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఎకరం చెరువులో సగటున అర కిలో తూగే చేపలు రెండు వేలున్నాయనుకుంటే మొత్తం బరువు వెయ్యి కిలోలు. రోజుకు బరువులో 2 శాతం మేత వేస్తే 20 కిలోలు. కిలోకు 1 గ్రాము వెల్లుల్లి లెక్కన రోజుకు 20 గ్రాములు. చేపల బరువు పెరగడాన్ని పక్కనపెడితే అరవై రోజులకు 1.2 కిలోలు. సిఫా ప్రయోగపు మోతాదును యథాతథంగా తెస్తే వచ్చే పరిమాణం ఇంతే. ఖరీదైన మిశ్రమం కొనబోయే ముందు ఏ రైతైనా ఈ అంకెను దాని ధర పక్కన పెట్టి చూడవచ్చు.

ఎదుగుదలను చెరువులో కొలవడం ఇంకా కష్టం. ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు చెరువుల్లో ఒకే పిల్లను వదిలి ఒకే మేత వేసినా పట్టుబడి ఒకేలా ఉండదు. పిల్ల నాణ్యత, ఎన్ని వదిలారు, నీటి లోతు, ప్లవకాల రాశి అన్నీ కలిసి బరువును నిర్ణయిస్తాయి. 'పౌడరు వేసిన ఏడు చేప బాగా వచ్చింది' అన్న అనుభవం నిజాయితీ గలదే. ఆ ఏడు వానలు బాగా పడి ఉండవచ్చు.

7. ఎర్రమచ్చల జబ్బు: ఒక పాత ఉదాహరణ

మొక్కల మందుకు ఘనత ఎలా దక్కుతుందో చూపే ఉదాహరణ ఒకటి మన దగ్గరే ఉంది. చేపల ఒంటి మీద ఎర్రమచ్చలు లేచి పుండ్లుగా మారే జబ్బు 1971లో జపాన్‌లో మొదట నమోదై, ఆసియా అంతా పాకి, 1988లో భారత్‌కు చేరింది. దానికి మూలం అఫానోమైసిస్ ఇన్వాడాన్స్ అనే బూజు జాతి జీవి అని తర్వాత తేలింది. వానలు వెనుదిరిగి నీరు చల్లబడే నెలల్లో, అంటే దుర్గ్ లెక్కలో నవంబరు నుంచి జనవరి వరకు, దీని బెడద ఎక్కువ. సిఫా దీనికి 'సిఫాక్స్' అనే రసాయన మందును రూపొందించింది. పల్లెల్లో ప్రచారమైన చిట్కా మాత్రం సున్నం, పసుపు. సాధారణంగా పది పాళ్ల సున్నానికి ఒక పాలు పసుపు చెబుతారు.

చాలాచోట్ల ఈ చిట్కాతో మేలు జరిగిందని రైతులు చెప్పారు. ఆ మాటను కాదనడానికి కారణం లేదు. కానీ మేలు చేసింది పసుపా, సున్నమా? సున్నం ఒక్కటే నీటి ఆమ్లతను తగ్గిస్తుంది, అడుగు బురదను శుద్ధి చేస్తుంది. ఈ రోగ నివారణలో సున్నం పాత్ర స్వతంత్రంగా గుర్తించబడింది కూడా. రెండింటినీ కలిపి వేసినప్పుడు ఘనత పసుపుకు మాత్రమే ఇవ్వడం సాక్ష్యానికి మించిన మాట. పసుపుకు ఏమీ పాత్ర లేదనడం కూడా అంతే. పదింట తొమ్మిది పాళ్లకు పైగా ఉన్నది సున్నం అన్న సంగతిని మాత్రం మరవరాదు.

8. చట్టం దృష్టిలో

1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టంలో ఆయుర్వేద ఔషధానికి ఇచ్చిన నిర్వచనం మనుషులతో పాటు జంతువుల రోగాలకూ వర్తిస్తుంది. అంటే రోగాన్ని నయం చేస్తుందని లేదా నివారిస్తుందని చెప్పి అమ్మే పొడి ఔషధం కిందికి రావాలి, దానికి లైసెన్సు కావాలి. 'మేత పూరకం' అని రాస్తే ఆ బాధ్యత చాలామేరకు తప్పుతుంది. డబ్బా మీద పూరకం, నోటి మాటలో మందు. ఈ తేడాను కొనేవారు గమనించాలి. డబ్బా మీద రాయడానికి ధైర్యం చాలని మాటను నోటితో చెప్పినప్పుడు నమ్మడం దేనికి?

కార్పు మేతకు భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ప్రమాణాలున్నాయి. మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ ఎంతెంత ఉండాలో అవి చెబుతాయి. తవుడులో తేమ పెరిగి బూజు పట్టిందో లేదో చూడటం, పిల్లల నాణ్యత చూడటం, సున్నం సకాలంలో వేయడం వంటి పనులకు ఉన్న రుజువు మూలికలకు ఉన్నదాని కంటే చాలా గట్టిది. ఖర్చు పెట్టే క్రమం కూడా అలాగే ఉండాలి.

9. నిర్ణయం, ఒక విన్నపం

ఇప్పటివరకు తూచిన ఆధారాల ప్రకారం చెప్పగలిగింది ఇది. వెల్లుల్లి, అశ్వగంధ, మామిడి జీడి, ఉత్తరేణి వంటివి తక్కువ, నిర్దిష్టమైన మోతాదుల్లో, కొద్ది వారాలపాటు, పిల్ల దశలో ఉన్న శీలావతి, బొచ్చెలకు బ్యాక్టీరియా రోగాన్ని తట్టుకునే శక్తిని పెంచే అవకాశం ఉంది. పెరిగిన చేప బరువును మట్టి చెరువులో పెంచుతాయన్న మాటకు అంత గట్టి ఆధారం లేదు. హాని ఉండదన్న మాట తప్పు. యాంటీబయాటిక్ బదులు వీటిని పరిశీలించడం మాత్రం సరైన ఆలోచన, ముఖ్యంగా మనుషులూ పశువులూ దిగే చెరువుల్లో.

దుర్గ్ పక్కనే అంజోరాలో 2012లో ఏర్పడిన కామధేను విశ్వవిద్యాలయం ఉంది. దానికి కవర్ధాలో మత్స్య కళాశాల ఉంది. ఇక్కడి నిస్తారీ చెరువుల నీటిలో, ఇక్కడి చలికాలంలో, ఇక్కడ దొరికే మొక్కల మీద చెరువు స్థాయి ప్రయోగాలు జరిపి, మేలు కనిపించని ఫలితాలతో సహా హిందీలోనూ ఛత్తీస్‌గఢీలోనూ రైతులకు అందించడానికి వీటికంటే తగిన చోటు లేదు. ఆ ప్రయోగాలకు ఊరి చెరువులు ఇవ్వమని మత్స్యకారుల సంఘాలనూ కోరాలి.

భిలాయిలో ఉంటూ చెరువు కౌలుకు తీసుకోవాలనుకునే తెలుగువారికి ఒక మాట. మూలికల పొడి వాడి చూడాలనిపిస్తే వాడండి. కానీ రెండు చెరువులుంటే ఒకదాన్ని సాక్షిగా ఉంచండి. ఒకే రోజు ఒకే చోటి పిల్లను రెండింట్లోనూ వదలండి, ఒకే మేత వేయండి, పొడి మాత్రం ఒకదానికే కలపండి. నెలకొకసారి వల వేసి రెండింటి నుంచీ యాభై చేపల చొప్పున తూచి, తేదీతో సహా నోటు పుస్తకంలో రాయండి. చచ్చిన చేపలను కూడా లెక్కపెట్టండి. ఆ పుస్తకాన్ని మీ జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో చూపించండి.